గై వైర్ల మీద నిలబడే ఎత్తు
హామ్ రేడియో టవరుకు ప్రణాళిక వేయడం ఎలా?

విద్యార్థులారా! మీ వీధి మలుపులో ఉన్న కరెంటు స్తంభాన్ని ఒకసారి గుర్తు చేసుకోండి. స్తంభం పైనుంచి ఒక ఇనుప తీగ ఏటవాలుగా దిగి నేలలోకి వెళ్లిపోతుంది. దాని మధ్యలో గుడ్డు ఆకారంలో ఒక పింగాణీ ముక్క ఉంటుంది. దీన్ని స్టే వైరు అంటారు. ఆటల్లో పరిగెత్తుతూ దానికి తట్టుకుని పడినవాళ్లు మీలో కొందరైనా ఉండే ఉంటారు. ఆ తీగ అక్కడ ఎందుకుంది? మలుపులో కరెంటు తీగలన్నీ స్తంభాన్ని ఒకే వైపుకు లాగుతాయి. వాటికి ఎదురు లాగడానికే స్టే వైరు. అది తెగితే స్తంభం ఒరిగిపోతుంది.

ఈ చిన్న సూత్రం మీదే వందల మీటర్ల ఎత్తున్న రేడియో మాస్ట్‌లు నిలబడి ఉన్నాయి. టవర్ల విషయంలో ఆ తీగలను గై వైర్లు అంటారు. ఒక పెద్ద హామ్ రేడియో యాంటెన్నాను మోయడానికి గై వైర్లతో నిలబడే 40 మీటర్ల టవరు కట్టాలంటే ఏమేం ఆలోచించాలో ఈ పాఠంలో తెలుసుకుందాం. ఇందులో వచ్చే లెక్కలన్నీ మీరు పదవ తరగతి, ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదివినవే.

ఉదాహరణకు దక్షిణ ఢిల్లీలోని సాకేత్‌ను తీసుకుందాం. అక్కడ ఒక డీడీఏ ఫ్లాటులో ఉంటున్న కళాశాల విద్యార్థి హామ్ లైసెన్సు సంపాదించాడనుకోండి. తన యాంటెన్నా ఎత్తుగా ఉండాలని అతని కోరిక. ఆ కోరిక ఎంతవరకు సాధ్యమో అతనితో పాటు మనమూ లెక్క వేద్దాం.

మొదటి ప్రశ్న: ఎవరితో మాట్లాడాలి?

టవరు ఎంత ఎత్తు ఉండాలన్నది మొదటి ప్రశ్న కాదు. మన సంకేతం ఎంత దూరం వెళ్లాలన్నదే మొదటి ప్రశ్న.

హామ్‌లు ఎక్కువగా వాడే పౌనఃపున్యాలలో 7 మెగాహెర్ట్జ్ ప్రాంతం ఒకటి. కాంతి వేగాన్ని పౌనఃపున్యంతో భాగిస్తే తరంగదైర్ఘ్యం వస్తుంది. 7.1 మెగాహెర్ట్జ్‌కు అది సుమారు 42 మీటర్లు. ఈ తరంగాలు పైకి వెళ్లి, సుమారు 300 కిలోమీటర్ల ఎత్తులో ఉన్న అయనోవరణం వల్ల వంగి మళ్లీ భూమికి చేరతాయి. అవి ఎంత దూరంలో దిగుతాయన్నది యాంటెన్నా నుంచి ఏ కోణంలో బయలుదేరాయన్న దానిపై ఆధారపడి ఉంటుంది.

నేలకు సమాంతరంగా కట్టిన యాంటెన్నా విషయంలో ఆ కోణాన్ని నిర్ణయించేది ఎత్తే. యాంటెన్నా నుంచి నేరుగా వెళ్లే తరంగం ఒకటి, నేలమీద పడి పరావర్తనం చెందిన తరంగం ఇంకొకటి. ఈ రెండూ కలిసి బలపడే కోణానికి సైన్ విలువ, తరంగదైర్ఘ్యాన్ని ఎత్తుకు నాలుగు రెట్లతో భాగిస్తే వస్తుంది. ఎత్తు పావు తరంగదైర్ఘ్యం, అంటే పదిన్నర మీటర్లు ఉంటే ఆ కోణం 90 డిగ్రీలు. సంకేతం ప్రధానంగా నడినెత్తికి వెళుతుంది. ఎత్తు సగం తరంగదైర్ఘ్యం, అంటే 21 మీటర్లు ఉంటే 30 డిగ్రీలు. పూర్తి తరంగదైర్ఘ్యం, అంటే 42 మీటర్లు ఉంటే సుమారు 14.5 డిగ్రీలు. భూమి గుండ్రదనాన్ని లెక్కలోకి తీసుకుంటే 30 డిగ్రీల కోణంలో బయలుదేరిన తరంగం ఒక గెంతులో దాదాపు 930 కిలోమీటర్లు, 14.5 డిగ్రీలదైతే దాదాపు 1,750 కిలోమీటర్లు వెళుతుంది.

సాకేత్ నుంచి హైదరాబాదుకు గాలిలో గీత గీస్తే సుమారు 1,250 కిలోమీటర్లు. అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌కు సుమారు 2,500. ఖండాలు దాటాలంటే గెంతు మీద గెంతు వేయాలి. ప్రతి గెంతులోనూ కొంత శక్తి పోతుంది కాబట్టి గెంతులు ఎంత తగ్గితే అంత మంచిది. 40 మీటర్ల ఎత్తు కావాలని హామ్‌లు కోరుకోవడానికి కారణం ఇదే.

అయితే ఇందులో ఒక తిరకాసు ఉంది. తుపాను సమయంలో విజయవాడ నుంచి కాకినాడకో, ఏలూరుకో మాట్లాడాలంటే ఇంత ఎత్తు పనికిరాకపోగా అడ్డం కూడా. దగ్గరి ఊళ్లకు సంకేతం నిట్టనిలువుగా వెళ్లి తిరిగి రావాలి. అందుకు డాబా మీద పది మీటర్ల ఎత్తున కట్టిన ఒక రాగి తీగ చాలు. అందువల్ల ఎవరితో మాట్లాడాలో తేలనిదే ఎత్తు గురించి మాట్లాడకూడదు.

మీనారుకూ మాస్ట్‌కూ తేడా

సాకేత్‌కు రెండు మూడు కిలోమీటర్ల దూరంలోనే కుతుబ్ మీనారు ఉంది. దాని ఎత్తు సుమారు 72.5 మీటర్లు. అడుగున వ్యాసం 14.32 మీటర్లు, కొనలో 2.75 మీటర్లు. తన బరువు, తన వెడల్పు, ఈ రెండే దానికి ఆధారం. అదే ఢిల్లీలో పీతంపురాలో 1988లో పూర్తయిన 235 మీటర్ల టీవీ టవరు కూడా ఎవరి సాయమూ లేకుండా నిలిచే కాంక్రీటు నిర్మాణమే.

గై వైర్ల మాస్ట్ అలాంటిది కాదు. మన 40 మీటర్ల మాస్ట్ మూడు నిలువు గొట్టాలను అడ్డకడ్డీలతో కలిపిన త్రిభుజాకారపు చట్రం. ఒక్కో పక్క వెడల్పు 45 సెంటీమీటర్లు అనుకుందాం. మీనారు ఎత్తు దాని అడుగు వెడల్పుకు ఐదు రెట్లయితే, ఈ మాస్ట్ ఎత్తు దాని వెడల్పుకు దాదాపు 89 రెట్లు. గై వైర్లు లేకుండా ఇది ఒక్క గాలివానకు కూడా ఆగదు. నిజానికి చాలా మాస్ట్‌లను అడుగున గట్టిగా బిగించరు కూడా. ఆకాశవాణి మీడియం వేవ్ కేంద్రాల మాస్ట్‌లను చూడండి. అక్కడ మాస్ట్ మొత్తమే యాంటెన్నా. దాని అడుగున పింగాణీ ఇన్సులేటరు ఒకటి ఉంటుంది, వందల అడుగుల ఉక్కు దానిమీదే నిలబడుతుంది. హైదరాబాద్ ‘ఎ’ కేంద్రంగా శ్రోతలకు దశాబ్దాలుగా పరిచయమైన 738 కిలోహెర్ట్జ్‌కు తరంగదైర్ఘ్యం 406 మీటర్లు, అందులో పావు వంతు దాదాపు 102 మీటర్లు. అంత ఎత్తు మాస్ట్‌ను తక్కువ ఉక్కుతో నిలబెట్టే ఉపాయం గై వైరు.

గై వైర్లు ఇంకొక మేలు కూడా చేస్తాయి. ఒక సన్నటి పొడవాటి వెదురుబద్దను నిలబెట్టి పైనుంచి నొక్కండి. అది నలగకముందే మధ్యలో విల్లులా వంగిపోతుంది. అదే బద్దను మధ్యలో వేలితో పట్టుకుంటే చాలా ఎక్కువ బలాన్ని తట్టుకుంటుంది. ఆధారం లేని పొడవు సగమైతే వంగడానికి కావలసిన బలం నాలుగు రెట్లవుతుంది. ఆయిలర్ అనే గణితశాస్త్రవేత్త 18వ శతాబ్దంలోనే ఈ సంగతి చూపించాడు. మన మాస్ట్‌కు 10, 20, 30, 39 మీటర్ల ఎత్తుల్లో నాలుగు వరసలుగా గై వైర్లు కడితే దాన్ని నాలుగు చోట్ల పట్టుకున్నట్టే.

గాలి ఎంత బలంగా తోస్తుంది?

గాలి పీడనం కనుక్కోవడానికి మన జాతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడవ భాగం ఒక సులువైన సూత్రం ఇస్తుంది. గాలి వేగాన్ని సెకనుకు మీటర్లలో తీసుకుని, దాని వర్గాన్ని 0.6తో గుణిస్తే చదరపు మీటరుకు ఇన్ని న్యూటన్లని వస్తుంది. వేగం రెట్టింపైతే పీడనం నాలుగు రెట్లవుతుందని గమనించండి.

ఏ ఊరికి ఎంత వేగం లెక్కలోకి తీసుకోవాలో కూడా ఆ ప్రమాణమే చెబుతుంది. హైదరాబాదుకు 44, ఢిల్లీకి 47, విశాఖపట్నానికి 50. ఢిల్లీలో సముద్రం లేదు కదా, ఇంత గాలి ఎక్కడిదని అనుకోకండి. వేసవిలో అక్కడ ‘ఆంధీ’ అనే దుమ్ము తుపాను వచ్చిందంటే పెద్ద పెద్ద చెట్లే కూలుతాయి. ఢిల్లీ వేగాన్ని సూత్రంలో పెడితే చదరపు మీటరుకు 1,325 న్యూటన్లు వస్తుంది. అంటే ప్రతి చదరపు మీటరు మీద 135 కిలోల బరువు అడ్డంగా తోస్తున్నట్టు. అసలు డిజైనులో ఎత్తు పెరిగేకొద్దీ వేగాన్ని ఇంకా పెంచాలి. మనం సులువు కోసం ఒకే విలువ వాడుకుందాం.

7 మెగాహెర్ట్జ్‌కు మూడు కడ్డీల బీమ్ యాంటెన్నా చిన్నదేమీ కాదు. ఒక్కో కడ్డీ దాదాపు 20 మీటర్ల పొడవుంటుంది. అది గాలికి ఎదురొడ్డే వైశాల్యం 1.5 చదరపు మీటర్లు అనుకుంటే దానిమీద పడే బలం సుమారు 2,000 న్యూటన్లు. మరి మాస్ట్ సంగతేమిటి? మీటరు పొడవుకు పావు చదరపు మీటరు చొప్పున 40 మీటర్లకు 10 చదరపు మీటర్లు. దానిమీద 13,250 న్యూటన్లు. యాంటెన్నా కంటే మాస్ట్ మీదే గాలి ఆరు రెట్లకు పైగా పడుతోంది! కొత్తవాళ్లు యాంటెన్నా ఎంత పెద్దదని మాత్రమే ఆలోచిస్తారు. మాస్ట్‌ను లెక్కలో మరచిపోవడం వాళ్లు తరచుగా చేసే పొరపాటు.

గై వైరు ఎక్కడ దిగాలి?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. అన్నిటికంటే పైన ఉన్న గై వరస యాంటెన్నా మీద గాలిని, మాస్ట్ పైభాగం మీద గాలిని కలిపి మోయాలి. మన లెక్కలో అది సుమారు 3,800 న్యూటన్లు. ఇది అడ్డంగా తోసే బలం. గై వైరు మాత్రం ఏటవాలుగా ఉంటుంది. కాబట్టి దాని తన్యతలో అడ్డం వైపు ఉన్న అంశం మాత్రమే గాలిని ఎదిరిస్తుంది. నిలువు అంశం మాస్ట్‌ను కిందికి నొక్కుతుంది.

గై వైరును మాస్ట్ అడుగు నుంచి 32 మీటర్ల దూరంలో, అంటే ఎత్తులో 80 శాతం దూరంలో దింపామనుకోండి. 39 మీటర్ల ఎత్తు నుంచి అక్కడికి తీగ పొడవు పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం 50.4 మీటర్లు. గాలి ఒకే తీగ మీద నేరుగా పడిందనుకుంటే దానిలో తన్యత 3,800ను 32తో భాగించి 50.4తో గుణిస్తే వచ్చేది, అంటే దాదాపు 6,000 న్యూటన్లు. మాస్ట్‌ను కిందికి నొక్కే బలం 4,600.

స్థలం లేదని అదే తీగను 10 మీటర్ల దూరంలోనే దింపితే? తన్యత 15,300 న్యూటన్లకు, కిందికి నొక్కే బలం 14,800కు పెరుగుతాయి. గాలి అదే, మాస్ట్ అదే, తీగ అదే. దింపిన చోటు మారినందుకే భారం మూడు రెట్లయింది. పాత షామియానాలు కట్టేవాళ్లను చూడండి. వాళ్లు ఈ లెక్కలు వేయరు, కాని తాడును గుంజకు దూరంగా మేకు కొట్టి కడతారు. అనుభవం వాళ్లకు అదే త్రికోణమితిని నేర్పింది.

తీగను ఎంత బిగువుగా కట్టాలి? మరీ వదులైతే గాలికి మాస్ట్ ఊగి ఒక్కసారిగా తీగను గుంజుతుంది. మరీ బిగువైతే గాలి లేని రోజున కూడా మాస్ట్ నలుగుతూనే ఉంటుంది. తీగ తెగే బలంలో సుమారు 10 శాతం బిగువు ముందుగా ఇవ్వడం వాడుక. తెగే బలం 30,000 న్యూటన్లున్న జింకుపూత ఉక్కుతీగకు అది 3,000 న్యూటన్లు. గాలివల్ల వచ్చే 6,000ను దానికి కలిపినా 9,000 దాటదు. ఇంకా మూడు రెట్ల భద్రత మిగిలే ఉంటుంది. ఈ భద్రతను మిగులు అనుకుని సన్నతీగ కొనకూడదు. తుప్పు, చెడ్డ ముడి, ఊహించని గాలి, వీటన్నిటికీ అది మనం ముందుగా కట్టిన బీమా.

యాంటెన్నాను తిప్పే మోటారు ఆగినప్పుడల్లా మాస్ట్ మెలితిరగడానికి చూస్తుంది. అందుకని పై వరసలో మూడు తీగలకు బదులు, నక్షత్రం ఆకారపు చట్రం నుంచి ఆరు తీగలు దింపడం మంచిది. గై వైరు కూడా లోహమే కాబట్టి అది తరంగాలను పట్టుకుని యాంటెన్నా పనిని చెడగొడుతుంది. ముఖ్యంగా 20 మీటర్ల దగ్గరి పొడవున్న తీగ 7 మెగాహెర్ట్జ్‌కు తానే ఒక యాంటెన్నా అయిపోతుంది. అందుకే మధ్యమధ్య పింగాణీ గుడ్లు వేసి తీగను ముక్కలు చేస్తారు. ఆ గుడ్డులో రెండు తీగల ఉచ్చులు ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి. పింగాణీ పగిలినా తీగ విడిపోదు. మీ వీధి స్తంభం మీది గుడ్డును రేపు ఆ దృష్టితో చూడండి. దూరం నుంచే చూడండి, ముట్టుకోవద్దు.

నేల పని నేల చేయాలి

గాలి చివరికి లాగేది యాంకరును. యాంకరు అంటే నేలలో పాతిన కాంక్రీటు దిమ్మ, దాని నుంచి పైకి వచ్చిన ఉక్కు కడ్డీ. ఒక వైపు దిగే నాలుగు తీగల బలాలనూ కలిపితే యాంకరును పైకి పెకలించే బలం దాదాపు 10,700 న్యూటన్లు, అడ్డంగా లాగే బలం దాదాపు 13,600 న్యూటన్లు. పైకి లాగే బలాన్ని దిమ్మ బరువు ఎదిరించాలి. ఘనపు మీటరు కాంక్రీటు బరువు 2,400 కిలోలు. ఒకటిన్నర ఘనపు మీటర్ల దిమ్మ 3,600 కిలోలు, అంటే 35,000 న్యూటన్లకు పైమాట. అది చాలు. అడ్డంగా లాగే బలాన్ని మాత్రం దిమ్మ ముందున్న మట్టి ఎదిరించాలి.

అందుకే మట్టిని చూడకుండా దిమ్మ వేయకూడదు. గుంటూరు, కర్నూలు జిల్లాల నల్లరేగడి నేల వానకు ఉబ్బి ఎండకు బీటలు వారుతుంది. డెల్టా ఒండ్రునేలలో అడుగు లోతునే నీరు తగలవచ్చు. సాకేత్ పరిసరాల్లో ఆరావళి కొండల కొస కాబట్టి కొన్నిచోట్ల కొద్ది లోతులోనే రాయి వస్తుంది. ఒకే టవరుకు మూడు నేలల్లో మూడు రకాల యాంకర్లు కావలసి వస్తాయి. ఇంకో సంగతి. యాంకరు కడ్డీకి తుప్పు పట్టేది మన కంటికి కనబడే చోట కాదు, మట్టిలో. ఏడాదికోసారి కొంత తవ్వి చూడాల్సిందే.

ఇక స్థలం లెక్క చూడండి. మూడు యాంకర్లు 32 మీటర్ల దూరంలో, ఒకదానికొకటి 120 డిగ్రీల కోణంలో ఉంటాయి. వాటిని కలిపితే 55 మీటర్ల భుజం గల సమబాహు త్రిభుజం వస్తుంది. దాని వైశాల్యం సుమారు 1,330 చదరపు మీటర్లు, మన లెక్కలో దాదాపు 1,590 చదరపు గజాలు. టవరు పడితే ఎక్కడ పడుతుందన్నది కూడా ప్రణాళికలో భాగమే. 40 మీటర్ల వ్యాసార్ధంతో వృత్తం గీస్తే 5,000 చదరపు మీటర్లు దాటుతుంది. అంటే దాదాపు ఎకరం పావు. ఆ వృత్తంలో ఇల్లు, బడి, రోడ్డు ఉండకూడదు. కరెంటు లైన్లయితే టవరు ఎత్తుకు ఒకటిన్నర రెట్ల దూరం వరకూ ఉండకూడదు.

సాకేత్ డీడీఏ కాలనీలో ఎకరం పావు ఖాళీ స్థలం ఎక్కడుంది? మన విద్యార్థి కోరిక ఇక్కడే ఆగిపోయింది. రేడియో వల్ల కాదు, ఇనుము ఖర్చు వల్ల కూడా కాదు. ఎత్తుకు వెల చెల్లించేది నేల.

దీన్ని పెద్ద ఎత్తున చూడాలంటే నౌకాదళం కేంద్రాలను గమనించండి. తమిళనాడులో తిరునెల్వేలి జిల్లాలో ఉన్న ఐఎన్ఎస్ కట్టబొమ్మన్‌లో 471 మీటర్ల మాస్ట్‌లు ఉన్నాయి. నీటి అడుగున ఉన్న జలాంతర్గాములకు సందేశాలు పంపడానికి అతి తక్కువ పౌనఃపున్యాలు, అందుకోసం అంతటి యాంటెన్నాలు కావాలి. అలాంటి రెండవ కేంద్రానికి తెలంగాణలోని వికారాబాద్ జిల్లా దామగుండం అటవీ ప్రాంతంలో 2024 అక్టోబరు 15న శంకుస్థాపన జరిగింది. దానికి కేటాయించినది దాదాపు 2,900 ఎకరాలు. చెట్ల గురించి, మూసీ నది పుట్టే పరిసరాల గురించి స్థానికులు, పర్యావరణవాదులు అభ్యంతరాలు తెలిపారు. టవరు ఆకాశంలో కనబడుతుంది గాని, దాని గురించిన వాదన ఎప్పుడూ నేల గురించే.

అనుమతులు, పిడుగులు

సాకేత్‌కు ఒక వైపు ఇందిరాగాంధీ విమానాశ్రయం, మరో వైపు సఫ్దర్‌జంగ్ విమానాశ్రయం ఉన్నాయి. విమానాశ్రయాల చుట్టూ ఎక్కడ ఎంత ఎత్తు వరకు కట్టవచ్చో 2015 నాటి పౌర విమానయాన నిబంధనలు చెబుతాయి. ఎత్తును బట్టి తెలుపు, నారింజ పట్టీల రంగు, రాత్రివేళ ఎర్రదీపం కూడా అవసరం కావచ్చు. సాకేత్ పక్కనే ఖిడ్కీ మసీదు వంటి రక్షిత కట్టడాలున్నాయి. 2010లో సవరించిన పురావస్తు చట్టం ప్రకారం అలాంటి కట్టడానికి 100 మీటర్ల లోపల కొత్త నిర్మాణం నిషిద్ధం. ఆపై 200 మీటర్ల వరకు అనుమతి తీసుకోవాలి. ఇవి కాక హామ్ లైసెన్సు, స్థలం యజమాని సమ్మతి, స్థానిక సంస్థ అనుమతి ఉండనే ఉన్నాయి. ఈ పనులన్నీ పునాది తవ్వకముందే పూర్తికావాలి.

ఎత్తయినదాన్ని పిడుగు వెతుక్కుంటూ వస్తుందని కుతుబ్ మీనారు చరిత్రే చెబుతుంది. 1368లో పిడుగుపాటుకు దాని పై అంతస్తు దెబ్బతింటే ఫిరోజ్ షా తుగ్లక్ మళ్లీ కట్టించాడు. 1803లో భూకంపానికి కూడా అది దెబ్బతిన్నది. మాస్ట్ అడుగున మూడు కాళ్ల నుంచీ మూడు రాగి ఎర్త్ కడ్డీలకు, యాంకర్ల దగ్గర గై వైర్ల నుంచి వేరే కడ్డీలకు కలపాలి. ఇంట్లోకి వచ్చే కేబుల్‌కు సర్జ్ అరెస్టర్ ఉండాలి. ఉరుములు మొదలైతే కేబుల్‌ను ఊడదీసి దూరంగా పెట్టడం అన్నిటికంటే మంచి అలవాటు.

కట్టేటప్పుడు, విప్పేటప్పుడు

మాస్ట్‌ను మూడేసి మీటర్ల ముక్కలుగా ఒకదానిపై ఒకటి పెట్టుకుంటూ పోతారు. ప్రతి దశలోనూ తాత్కాలిక గై వైర్లు ఉండాలి. పైన ఎక్కినవారికి నడుముకు, భుజాలకు కట్టుకునే రక్షణపట్టీ తప్పనిసరి. కింద ఉన్నవారికి హెల్మెట్ కావాలి. ఆజ్ఞలు ఇచ్చేది ఒక్కరే కావాలి. తీగకు వేసే క్లిప్పులలో వంకీ భాగం పొట్టి కొస వైపు, గాడి భాగం బరువు మోసే తీగ వైపు రావాలి. తిరగేసి వేస్తే బరువు మోసే తీగే నలిగి బలం తగ్గుతుంది. బిగించే టర్న్‌బకిల్ గాలి అదురుకు తనంత తానే విప్పుకోకుండా దాని గుండా ఒక చిన్న తీగ దూర్చి కట్టాలి.

ఇంత చిన్న విషయాలు ఎందుకు చెబుతున్నామో ఒక్క ఉదాహరణతో తెలుస్తుంది. పోలండులోని కాన్స్టాంటినోవ్‌లో 1974లో 646 మీటర్ల రేడియో మాస్ట్ పూర్తయింది. అప్పట్లో ప్రపంచంలోకెల్లా ఎత్తయిన నిర్మాణం అది. పదిహేడేళ్ల పాటు గాలులనూ మంచునూ తట్టుకుని నిలిచింది. 1991 ఆగస్టు 8న అది కూలిపోయింది. ఆ రోజు తుపాను లేదు. పాత గై వైర్లను మార్చే పని జరుగుతోంది. ఆ మార్పిడిలో జరిగిన తప్పు వల్ల మాస్ట్ వంగి, విరిగి పడింది. అదృష్టవశాత్తూ ఎవరి ప్రాణమూ పోలేదు. మాస్ట్‌కు గాలి ఎంత శత్రువో, గై వైరు మీద చెయ్యి వేసిన మనిషి అజాగ్రత్త కూడా అంతే. పాత తీగ విప్పాలంటే కొత్తది గాని, తాత్కాలికమైనది గాని ముందే కట్టి ఉండాలి.

ఏ రోజు కోసం కడుతున్నాం?

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నాన్ని తాకింది. గాలి వేగం గంటకు దాదాపు 180 కిలోమీటర్లు. దాన్ని సెకనుకు మీటర్లలోకి మార్చండి. సరిగ్గా 50 వస్తుంది. ప్రమాణంలో విశాఖకు రాసిన అంకె అదే. ఆ రోజు నగరంలో కరెంటు పోయింది, సెల్‌ఫోన్లు మూగబోయాయి. హామ్ రేడియో అత్యవసరమయ్యేది అలాంటి రోజునే. టవరు కూలే ప్రమాదం ఎక్కువగా ఉండేది కూడా ఆ రోజునే. ఎండ కాసే రోజున నిలబడే టవరు ఎవరైనా కట్టగలరు. మన లెక్కలన్నీ ఆ ఒక్క రోజు కోసం.

ఆ రోజు ఎలా ఉంటుందో చూసినవారున్నారు. 1983లో హైదరాబాదులో ఏర్పడిన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో బృందం ఒకటి 2004 డిసెంబరులో అండమాన్‌కు వెళ్లింది. ఢిల్లీకి చెందిన హామ్ భారతీ ప్రసాద్ దానికి నాయకురాలు. అక్కడి నుంచి ప్రపంచంలోని హామ్‌లతో మాట్లాడటం వారి ఉద్దేశం. పోర్ట్ బ్లెయిర్ నుంచి వీయూ4ఆర్‌బీఐ అనే పిలుపుగుర్తుతో పని చేస్తుండగా డిసెంబరు 26 ఉదయం భూకంపం, ఆపై సునామీ వచ్చాయి. మామూలు సంబంధాలు తెగిపోయిన ఆ దీవుల నుంచి క్షేమసమాచారాలను ప్రధాన భూభాగానికి చేరవేసినవారిలో ఈ హామ్‌లు ముందున్నారు. బృందంలో కొందరు కార్ నికోబార్‌కు వెళ్లి అక్కడా కేంద్రం పెట్టారు. వారి వద్ద 40 మీటర్ల టవరు లేదు. ప్రయాణంలో వెంట తీసుకెళ్లగలిగిన సామగ్రి, దాన్ని వాడే నేర్పు మాత్రమే ఉన్నాయి.

కాబట్టి మన సాకేత్ విద్యార్థి నిరాశ పడనక్కరలేదు. అసోసియేషన్ అనుమతితో డాబా మీద ఒక తీగ యాంటెన్నా కట్టుకుంటే దేశంలో చాలా భాగంతో మాట్లాడగలడు. నలుగురు హామ్‌లు కలిసి నగరం వెలుపల ఎకరం పావు స్థలం సంపాదించగలిగితే స్ట్రక్చరల్ ఇంజనీరు చేత డిజైను చేయించి టవరు కట్టవచ్చు. అప్పుడు కూడా ఒక చుట్ట రాగి తీగను ఇంట్లో అట్టే పెట్టుకోవాలి. టవరు పడిపోయినా ఆ తీగతో ఒక చెట్టు నుంచి మాట్లాడవచ్చు. మంచి ప్రణాళిక అంటే టవరు పడకుండా చూసుకోవడం ఒక్కటే కాదు. పడినా ఎవరికీ హాని కలగకుండా, మాట ఆగకుండా చూసుకోవడం కూడా.

మీరే చేసి చూడండి

1. విశాఖపట్నంలో ఇదే టవరు కడితే యాంటెన్నా మీద, మాస్ట్ మీద పడే గాలి బలం ఎంత? ఢిల్లీ కంటే ఎంత శాతం ఎక్కువ?

2. గై వైరును 32 మీటర్లకు బదులు 20 మీటర్ల దూరంలో దింపితే పై వరస తీగలో తన్యత, మాస్ట్ మీద పడే సంపీడన బలం ఎంత?

3. 14.2 మెగాహెర్ట్జ్‌కు 14.5 డిగ్రీల కోణం కావాలంటే యాంటెన్నా ఎంత ఎత్తులో ఉండాలి? అప్పుడు టవరుకు ఎంత స్థలం సరిపోతుంది?

4. మీ కళాశాల ఆవరణ పటం గీయండి. భవనాలు, రోడ్లు, కరెంటు లైన్లు గుర్తించండి. ఎవరికీ ప్రమాదం లేకుండా అందులో ఎంత ఎత్తు టవరు పడుతుందో కనుక్కోండి.